వెనకవైపు సింహం

నతానియేలు నోట్లో నాలుక లేని మనిషని ఉయ్యూరు రోడ్డులో అందరికీ తెలుసు. భార్య హెప్సిబా ఉన్నన్నాళ్ళూ ఆ లోటు తెలిసేది కాదు, ఇద్దరి వాటా ఆవిడే మాట్లాడేది. ఇద్దరూ కలిసి సిమెంటు బొమ్మలు చేసేవాళ్ళు. దేవుళ్ళు, నాయకులు, ఆఫీసుల ముందు పెట్టే సింహాల జాతీయ చిహ్నం.

జనం మూడు సింహాలనే అంటారు గానీ ఉన్నవి నాలుగు. అశోకుడు సారనాథ్‌లో నిలిపిన స్తంభం మీద అవి వీపులు ఆనించుకుని, నాలుగు దిక్కులకీ ధర్మం చాటుతున్నట్టు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. దేశం గణతంత్రమైన రోజున అదే మన ముద్ర అయింది. నాణెం మీద నాలుగోది వెనక దాగిపోతుంది. గోడకి ఆనించే సిమెంటు బొమ్మలోనూ అంతే. అందుకని ముందు మూడింటినీ నతానియేలు అచ్చులో పోస్తే, వెనకదాన్ని హెప్సిబా చేత్తో దిద్దేసేది.

విజయవాడలో ఒక ఆఫీసుకి చేసిన బొమ్మలో ఆవిడ ఆ నాలుగోదాని నోరు మూసేసింది.

"ఇదేంటే?" అన్నాడు.

"నువ్వే. ఎదురుగా గోడ ఉన్నా ఒకటే, పెళ్ళాం ఉన్నా ఒకటే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

తప్పని తెలుసు. గోడవైపు ఎవడు చూస్తాడులే అని నవ్వి ఊరుకున్నాడు. బొమ్మ గోడకి చేరింది. కొన్నాళ్ళకి హెప్సిబా జ్వరమొచ్చి పోయింది.

ఆ తర్వాత ఆయనకి ఒక్క మాటైనా ఆడకుండానే రోజులు గడిచిపోయేవి. విజయవాడ వెళ్ళినప్పుడల్లా ఆ ఆఫీసుకి పోయి, గోడ సందులో చెయ్యి పెట్టి వెనక ముఖాన్ని తడిమి వచ్చేవాడు. వాచ్‌మన్ పిచ్చివాడనుకున్నాడు, అనుకోడా మరి.

ఈమధ్య ఆ గోడ పడగొట్టి, బొమ్మని ఆవరణ మధ్యలోకి మార్చారు. ఇంజనీరు వినీల ఫోన్ చేసింది.

"నతానియేలు గారూ, వెనక సింహం నోరు మూసుకుని ఉందండీ. అందరూ ఫొటోలు తీస్తున్నారు. మీరొచ్చి సరిచేస్తే బావుంటుంది. లేదంటే ఇంకెవరితోనైనా చేయించాలి."

ఇంకెవరి సుత్తో ఆ ముఖం మీద పడటం ఊహించుకోలేక తనే వెళ్ళాడు.

ఎండలో చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. చెంప మీద హెప్సిబా బొటనవేలి ఒత్తు అలాగే ఉంది. ఇలాగే ఉంచెయ్యకూడదా అని అడగాలనుకున్నాడు, మాట గొంతు దాటలేదు. అడిగి చూడాల్సింది, ఆ అమ్మాయి మంచిదే. కింద సత్యమేవ జయతే అని తను చెక్కిన అక్షరాలే ఉన్నాయి. ఉలి పెట్టాడు. ముత్యాలేమీ రాలలేదు, సిమెంటు పొడి రాలింది. బొటనవేలి ఒత్తు జోలికి మాత్రం పోలేదు.

"చాలా బాగా వచ్చిందండీ," అంది వినీల. ఆయన తలూపాడు.

ఇంటికొచ్చి అన్నం వడ్డించుకుని, హెప్సిబా పీటకి ఎదురుగా కూర్చున్నాడు.

"దాని నోరు తెరిచేశానే," అన్నాడు పైకే.

తన గొంతు తనకే కొత్తగా వినబడింది. ఆ ముఖం చూసినప్పుడు ఎంత ఏడుపొచ్చిందో చెప్పాడు, అప్పట్లో చెప్పనివన్నీ చెప్పాడు. అన్నం చల్లారిపోయినా చెబుతూనే ఉన్నాడు. మధ్యలో అడ్డొచ్చి మాట అందుకునే మనిషి లేదు.