లూజు చూస్తే ఆగని పానా స్టీఫెన్

స్టీఫెన్‌కు ఈ లోకంలో ఒక్కటే జబ్బు. ఏదైనా లూజుగా కనిపిస్తే చూస్తూ ఊరుకోలేడు. ఊగే కుర్చీ, కదిలే పిడి, ఊడబోయే మర, ఏది కంటబడ్డా ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. స్కూటర్ తాళంచెవికి వేలాడే బొటనవేలంత పనిముట్టు బయటికి వస్తుంది. దాన్ని విప్పితే ఓ చాకు, ఓ కత్తెర, ఓ స్క్రూడ్రైవర్, ముల్లు తీసే ఓ చిమ్టా. ఆ తర్వాత ఆయన నోట వచ్చే మాట సిరిసిల్లలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"జర ఆగున్రి. లూజున్నది."

ఉద్యోగం చూస్తే మండలాఫీసులో గుమాస్తా. కాగితాల మీద ముద్ర వేయడం తప్ప అక్కడ బిగించేదేమీ లేదు. అయినా ఊరు ఆయనకు పానా స్టీఫెన్ అని పేరు పెట్టేసింది. ఆయన దగ్గర పానా లేదు మొర్రో అని భార్య దెబోరా ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఊరి నోరు మూయించడం ఎవరి తరం?

ఓసారి కరీంనగర్ బస్సులో ముందు సీటు లొడలొడలాడింది. దెబోరా ఆయన చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నది కుడిచెయ్యి. ఎడమచేత్తో ఆయన పని కానిచ్చాడు. వేములవాడ దాటేసరికి రెండు మరలు చేతికి వచ్చాయి, మూడోది ఎటో దొర్లిపోయింది. ఆ సీట్లో కూర్చున్న పెద్దమనిషి కరీంనగర్ దాకా నిలబడి వచ్చాడు.

"దిగేటప్పుడు తప్పకుంట బిగిస్త సార్," అని స్టీఫెన్ ఆయనకు అభయమిచ్చాడు.

"నేను దిగినంక బిగిస్తే నాకేం లాభమయ్యా?" అన్నాడు పెద్దమనిషి.

ఇంకోసారి వాడలోని ముసలమ్మ శంకరవ్వ చనిపోయినప్పుడు చర్చిలో పాస్టర్ బెంజమిన్ అయ్యగారు చివరి ప్రార్థన చేస్తున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. అంత నిశ్శబ్దంలో కిర్రు, కిర్రు అని చప్పుడు. కళ్లు తెరవకుండానే అది ఎవరి పనో దెబోరాకు తెలుసు. స్టీఫెన్ శవపేటిక పక్కన మోకాళ్లూని ఉంటే, పాపం ముసలమ్మ మీద ఎంత ప్రేమో అనుకున్నారు చూసినవాళ్లు.

"ఆమె పోయేది మట్టిలకేనాయె. పెట్టెకు పిడి గట్టిగుంటే ఏంది, లేకుంటే ఏంది?" అని ఇంటికొచ్చాక దెబోరా గొడవపెట్టుకుంది.

"నడిమిట్ల ఊడి కిందపడితే? మట్టిలకైనా మర్యాదగ పోవాలె గదనే."

ఆ మాట దెబోరాకు న్యాయంగానే తోచింది. అందుకే ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

ఇవన్నీ ఓర్చుకుంది గానీ, మొన్న ఎండాకాలం జరిగిందానికి మాత్రం ఆమె ఓపిక పూర్తిగా అయిపోయింది. ఆదిలాబాద్‌లో ఉన్న తన చెల్లెలు మమతారాణి ఇంటికి పోదామంటే రెండేళ్లుగా లీవు దొరకడం లేదన్న మనిషి, ఉన్నట్టుండి పదిహేను రోజులు లీవు పెట్టాడు. పెట్టి, పొద్దున ఐదున్నరకల్లా పక్కింటి మొగిలితోపాటు మరమగ్గాల షెడ్డుకు పోవడం మొదలుపెట్టాడు. మరమగ్గాన్ని అక్కడివాళ్లు సాంచ అంటారు. మొగిలి ముప్పై ఏళ్లుగా సాంచాలు నడిపే మనిషి.

"గాడ నీకేం పనయ్యా?" అంది దెబోరా.

"మస్తుంటదే సాంచ. ఒక్కదాంట్లనే ఎన్ని మరలో!"

చూసేవాళ్లకు నవ్వులాట. మొగిలి భార్య రామవ్వకు మాత్రం కాదు. ఓ రోజు గోడ మీదుగా దెబోరాకు తన బాధ చెప్పుకుంది.

"నెల దినాల సంది మా ఆయన సాంచ మీద గుడ్డకు గీతలు పడుతున్నయి చెల్లె. పోగు తెగితే తెగినట్టే పోతున్నదట. ఇంకోపాలి గిట్లయితే సాంచ ఇడిసిపెట్టి పొమ్మన్నడు షెడ్డు ఆసామి. గీ వయసుల ఇంకో షెడ్డుల ఎవలు పెట్టుకుంటరు?"

నెల రోజులన్న మాట దెబోరా చెవికెక్కలేదు. మొగుడు ఆ సాంచలో చిమ్టా పెట్టి గెలుకుతున్న దృశ్యమొక్కటే కళ్లముందు కనబడింది. అయ్యో దేవా, బస్సు సీటైతే ఎవరో ఒకరు నిలబడ్డారు, ఇప్పుడు ఓ మనిషి బతుకే ఊడేట్టుంది అనుకుంది. మర్నాడు తెల్లవారక ముందే తాళంచెవి గుత్తిలోంచి ఆ పనిముట్టు తీసి, బియ్యం డబ్బాలో మోచేతి లోతున పాతిపెట్టింది.

ఆ పొద్దున స్టీఫెన్ అవస్థ చూడాలి. జేబులు తడిమాడు, మంచం కింద దూరాడు, ఫ్రిజ్‌లో కూడా చూశాడు.

"దొరకదా ఏంది? గియ్యాల చాన ముఖ్యమే!"

"లేకుంటే ఏమైతది? షెడ్డు కూలిపోతదా?"

స్టీఫెన్ గడియారం చూశాడు. వట్టి చేతులతో పరుగెత్తాడు. హమ్మయ్య, మొగిలన్న గండం గడిచిందనుకుని దెబోరా చాయ్ పెట్టుకుంది.

పదకొండింటికి రామవ్వ ఏడుస్తూ వచ్చింది. "చెల్లె, గుడ్డంత ఖరాబైందట! ఆసామి బయలెల్లిండట!"

దెబోరాకు అర్థం కాలేదు. పనిముట్టు లేకపోతే బాగుపడాల్సిన గుడ్డ ఇంకా పాడైందేమిటి? బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి దాన్ని లాగి, మోచేతికంటిన పిండి కూడా దులుపుకోకుండా షెడ్డుకు ఉరికింది.

సాంచ ఆగి ఉంది. మొగిలి ఓ తెగిన పోగును కంటికి అంగుళం దూరంలో పెట్టుకుని వెతుకుతున్నాడు. పోగు చేతిలోనే ఉంది. ఆయన దాన్నే వెతుకుతున్నాడు. పక్కన స్టీఫెన్ లావుపాటి వేళ్లతో ఇంకో పోగును సూది బెజ్జమంత కంతలోంచి లాగలేక చెమటలు కక్కుతున్నాడు.

"అన్నా, నీకు కండ్లు అవుపడుతలేవా?" అంది దెబోరా.

మొగిలి తల దించుకున్నాడు. "శుక్లాలు చెల్లె. ఆపరేషన్‌కు ఇంక పన్నెండు దినాలున్నది. రామవ్వకు చెప్పలే, బెంగటిల్లుతది. ఆసామికి తెలిస్తే గీ సాంచ ఇంకొకనికిస్తడు. పోయినేడు రాజయ్యను గట్లనే పంపిండు. గందుకే తమ్మి వచ్చి పోగులు పట్టిస్తున్నడు."

దెబోరా మొగుడి వైపు చూసింది. ఆయన నేరం చేసినవాడిలా నిలబడ్డాడు. ఆమెకు ఏడుపూ వచ్చింది, తన మీద తనకే కోపమూ వచ్చింది. పనిముట్టు ఆయన చేతిలో పెట్టింది. "పట్టు. జల్ది గానియ్యి."

రెండు పోగులు పట్టేలోపు ఆసామి లింగమూర్తి రానే వచ్చాడు. గుడ్డ మీది గీతలు చూసి అగ్గయ్యాడు.

"మొగిలీ! ఏంది గిది?"

మొగిలి నోరు తెరిచేలోపు స్టీఫెన్ ముందుకొచ్చాడు. "నేనే సార్. జర లూజున్నదని కదిలించిన."

"నువ్వా! పానా స్టీఫెనా! నా సాంచ నీకేమన్న బస్సు సీటనుకున్నవా?" అని లింగమూర్తి అందుకున్నాడు. ఆ తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు. స్టీఫెన్ వినయంగా తల ఊపుతూ అన్నీ జేబులో వేసుకున్నాడు. ఊరంతా నవ్వే ఆ పేరు మాటున మొగిలి కళ్లు దాక్కున్నాయి.

"ఏమ్మా, మీ ఆయన నిజంగనే చేసిండా?" అని ఆసామి దెబోరా వైపు తిరిగాడు.

దెబోరా ఆదివారం బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పే మనిషి. అబద్ధ సాక్ష్యం చెప్పరాదు. ఒక్క క్షణం ఆలోచించి, నడుముకు కొంగు చెక్కుకుంది.

"ఏం జెప్పాలె సార్! మా కుక్కర్ బిగిస్తే మూత సీలింగుకు తాకింది. మిక్సీ విప్పిండు, అది ఇప్పటికీ సంచిలనే ఉన్నది. బస్సు సీటు సంగతి మీకెరికేనాయె. శవం పెట్టెను సుత విడిసిపెట్టలే సార్ గీ మనిషి!"

అన్నీ నిజాలే. ఒక్క అబద్ధమూ లేదు. సాంచ సంగతి మాత్రం ఆమె ఎత్తలేదు. ఇరవై రెండేళ్ల కడుపుమంటంతా ఒక్కసారే బయటపడ్డందుకు ఆమెకు మహా సుఖంగా కూడా ఉంది. మొగుడికి మాత్రం కుక్కర్ సంగతి దగ్గర నిజంగానే మనసు చివుక్కుమంది.

"చాలమ్మా చాలు! రేపట్నుంచి గీయన షెడ్డుల అడుగుపెట్టొద్దు. మొగిలీ, నీ తప్పు లేదు, నడిపిచ్చుకో."

"అడుగుపెట్టొద్దంటే ఆగుతడా సార్? కిటికీలకెళ్లయినా వస్తడు. నేను పనిజేసే అంగన్‌వాడీకి సెలవులే, నేనే వచ్చి మొగిలన్న పక్కన కావలి కూసుంట," అంది దెబోరా.

ఆసామి దండం పెట్టినంత పనిచేశాడు. పన్నెండు రోజులు దెబోరా షెడ్డులో కావలి కూర్చుంది, కొంగుచాటున చిమ్టాతో. స్టీఫెన్ ఇంట్లో అన్నం వండాడు. ఆసామి కంటికి గుడ్డ మీద గీత కనబడలేదు, అన్నం మాత్రం రోజూ మాడింది.

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు రామవ్వకు సంగతి చెప్పారు. ఆమె ముందు మొగుణ్ని తిట్టింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత స్టీఫెన్ ఇంటికి కోడికూర పంపింది. కొండగట్టు అంజన్నకు మొక్కు ఉందని ఆసామికి చెప్పి మొగిలి సెలవు తీసుకున్నాడు. కన్ను బాగయ్యాక నిజంగానే కొండెక్కి మొక్కు తీర్చుకుని, నల్లద్దాలు పెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. స్టీఫెన్, దెబోరా గుమ్మం దగ్గర నిలబడ్డారు.

మొగిలి అద్దాలు తీశాడు. సాంచకు చుట్టి ఉన్న గుడ్డను జానెడు జానెడు చూసుకుంటూ పోయాడు. ఓచోట వేలు ఆగింది.

"గీడ రెండు పోగులు ఒక్క కంతల పోయినయి. గింత అన్యాయంగ ఎవలు పట్టిన్రు?"

దెబోరా నాలుక కరుచుకుంది. స్టీఫెన్ గబుక్కున ముందుకొచ్చాడు. "నేనే మొగిలన్నా."

"నువ్వెక్కడివి తమ్మీ? నువ్వు అప్పుడు ఇంట్ల అన్నం మాడగొడుతుంటివి గదా!" అన్నాడు మొగిలి, ఆ పోగును మూరెడు దూరం నుంచే చూస్తూ.