నాలుగు పేర్ల బారు, ఒక సాక్షి సంతకం

1982లో విశాఖపట్నం వన్‌టౌన్‌లో, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట ఒక వరండాలో నాకో బల్ల, టైపు మిషను, రెండు బెంచీలు ఉండేవి. నేను డాక్యుమెంట్ రైటర్‌ని. అంటే ఇళ్ళూ కొట్లూ అమ్ముకునేవాళ్ళకి, కొనుక్కునేవాళ్ళకి కాగితాలు రాసిపెట్టేవాణ్ణి. రాసినవాటిలో నూటికి తొంభై గుర్తులేవు. ఒక్కటి మాత్రం మర్చిపోదామన్నా కుదరడం లేదు.

పోర్టు గేటుకి వెళ్ళే రోడ్డులో ఒక బారు ఉండేది. డెబ్భైల మొదట్లో దాన్ని పెట్టింది ఓడల్లో పనిచేసి రిటైరైన ఫెర్నాండెజ్ దొర. అప్పుడది ‘సెయిలర్స్ బార్’. కొన్నాళ్ళకి మల్కాపురంలో లారీలు తిప్పే అప్పలనాయుడు గారికి అమ్మేశాడు. నాయుడు గారు కలిసొస్తుందని ‘శ్రీ లక్ష్మీ బార్’ అని బోర్డు పెట్టించారు. “బ్రాందీ కొట్టుకి అమ్మోరి పేరేటి, నీ బుర్రేటైనా పాడయిందా?” అని వాళ్ళావిడ మూడు రోజులు పొయ్యి వెలిగించలేదట! దెబ్బకి అది ‘విజయా బార్’ అయింది.

బోర్డు మీద ఏం రాసినా పోర్టు కళాసీల నోట్లో అది నూకరాజు బారే. నూకరాజుది జాలరిపేట. తమ్ముణ్ణి సముద్రం మింగాక ఇక పడవ ఎక్కనని ఒట్టేసుకుని, మొదటి రోజు నుంచీ ఆ బారులో వంటవాడిగా ఉండిపోయాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. బారు వెనక గదే అతని ఇల్లు. అతను వేయించిన వంజరం చేప ముక్క కోసం తాగనివాళ్ళు కూడా వచ్చేవారు. దొర అమ్మేటప్పుడు సేల్ డీడ్‌లో, అంటే అమ్మకపు దస్తావేజులో, నాచేత ఒక పేరా ప్రత్యేకంగా రాయించాడు. నూకరాజు బతికున్నంతకాలం ఆ గదీ వంటిల్లూ అతని చేతిలోనే ఉండాలి, ఎవరు కొన్నా ఖాళీ చేయించకూడదు అని.

ఎనభై రెండులో స్టీల్ ప్లాంటు పనులు చూసుకుని గాజువాక వైపు నుంచి రాజుగారనే కాంట్రాక్టరు బారు కొనడానికి వచ్చాడు. ‘స్టీల్ సిటీ బార్’ అని బోర్డు ముందే రాయించేసుకున్నాడు. నాయుడు గారు నా దగ్గరికొచ్చారు.

“పాత డ్రాఫ్టు ఉంది కదా రైటరు గారూ, పేర్లు మార్సి కొట్టీండి. ఆ నూకరాజు పేరా మట్టుకు ఎత్తీండి. అదుంతే కొననంతన్నాడాయన.”

“నూకరాజుకి తెలుసా?”

“నాను సెప్పేసేన్లెండి.”

ఇంకో ప్రశ్న వేస్తే బేరం చెడుతుందేమోనని నమ్మేశాను.

సంతకాల రోజు శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం. రాజుగారు గడియారం చూసుకుంటూ ఒకటే కంగారు. ఎటెస్టేషన్‌కి, అంటే సాక్షి సంతకాలకి, ఇద్దరు కావాలి. రెండోవాడు రాలేదు. నాయుడు గారి వెంట కాఫీ ఫ్లాస్కు పట్టుకొచ్చిన నూకరాజు బెంచీ మీద ఉన్నాడు. కళ్ళెదుట కనబడ్డ తెలిసినవాణ్ణి పిలిచి సాక్షిగా పెట్టెయ్యడం మా రైటర్లందరికీ అలవాటు.

“నూకరాజూ, ఇలా వచ్చి సంతకం పెట్టు.”

“ఏటి బాబూ ఇది?”

“ఏం లేదు, బారు పేరు మారుతోంది. నువ్వు సాక్షివి.”

నాయుడు గారు గోడ వైపు తిరిగారు. అతనికి ఏమీ చెప్పలేదని నాకు అప్పుడే అర్థమైంది. కాగితం మొత్తం పైకి చదివి వినిపించాకే కలం ఇవ్వాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. పది నిమిషాల పని. చదవలేదు నేను, బుద్ధిలేనివాణ్ణి.

“మళ్ళీ మార్సేత్తన్నారా! ఇది నాలుగోది” అని నవ్వుతూ, అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు నూకరాజు.

రెండు నెలలకి రాజుగారు వంటిల్లు పడగొట్టి ఏసీ గది కడతానని, గది ఖాళీ చెయ్యమన్నాడు. దొర మాట ఉందన్నాడు నూకరాజు. రాజుగారు దస్తావేజు తీసి చూపించాడు. జాలరిపేట పెద్దలు మాట్లాడదామని వచ్చి, ఆ సంతకం చూసి, “సంతకం ఎట్టినోడివి నువ్వే, మేమేటి మాటాడతాంరా?” అని వెనక్కి వెళ్ళిపోయారు.

అప్పుడు నా దగ్గరికొచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. “నా పేరు ఎక్కడుందో ఓపాలి సదవండి బాబూ” అన్నాడు. కార్బన్ కాపీ తీసి మొదటి నుంచీ చదివాను. వెనక గది కొలతలు వచ్చినప్పుడు “ఆఁ, అదే, అదే” అని తలాడించాడు. చివరి పేజీ అయిపోవచ్చింది.

“నా పేరు రానేదేటి?”

“వచ్చింది. సాక్షుల్లో రెండోది.”

“మీరు పిల్సేరు కదాని ఎట్టేను బాబూ” అని మెట్లు దిగిపోయాడు.

ఉండబట్టలేక ఒక వకీలుని అడిగాను. “సాక్షి సంతకం పెడితే లోపల ఉన్నదానికి ఒప్పుకున్నట్టు కాదండీ. పాత పేరాకి బలం ఉంది. అతనికి చదివి వినిపించలేదని మీరు కోర్టులో చెప్పండి, కేసు నేను చూసుకుంటాను” అన్నాడాయన. చెబితే నా రైటర్ లైసెన్సు ఏమవుతుందోనని భయపడ్డాను. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచిస్తూనే ఉండగా గది పడగొట్టేశారు. నూకరాజు మేనల్లుడి పంచన చేరి వలలు కుట్టుకుంటున్నాడని విన్నాను. వెళ్ళి చూసే ముఖం నాకు లేకపోయింది. చేపల కోసం వచ్చే జనం తగ్గిపోయి రాజుగారూ బారు అమ్ముకున్నాడు. దానికి అయిదో పేరు ఏం పెట్టారో నేను అడగలేదు.

ఆ తర్వాత పనిచేసినన్నాళ్ళూ సాక్షులతో సహా అందరికీ ప్రతి ముక్కా చదివాకే కలం ఇచ్చాను. చాదస్తం అన్నారు, పడ్డాను. కొత్తగా వచ్చే రైటర్లకీ అదే చెప్పాను, చదవకుండా సంతకం పెట్టించొద్దని. వాళ్ళు నన్ను నియమం తప్పని మనిషి అనుకునేవారు. నూకరాజుకి చదవలేదన్న సంగతి మాత్రం, ఆ వకీలుకి తప్ప, ఇవాళ్టి వరకూ ఎవరి ముందూ ఒప్పుకోలేదు.