బొమ్మ మొహం ఎటు ఉంది?

అమెరికావాళ్ల ఫుట్‌బాల్‌కు ఒమాన్‌లో చట్టం రాసినవాణ్ణి నేనే. మస్కట్‌లోని ఘాలాలో మేం ఆ ఆట మొదలుపెడితే కార్మికుల క్యాంపు క్యాంపంతా కదిలి వచ్చింది. కంపెనీ బస్సు ఆపుకొని మరీ చూశారు.

సరే, కొంచెం తగ్గిస్తాను. క్యాంపంతా రాలేదు. మా రూములో ఉన్నదే ముగ్గురం. గోదాములో స్టోర్ చూసుకునే నేను, ఏసీలు బాగుచేసే కడపాయన, కంపెనీ బస్సు నడిపే హైదరాబాద్ డ్రైవర్. ఆగిన బస్సు ఆ డ్రైవర్‌దే. డ్యూటీ అయిపోయింది గనుక ఎలాగూ ఆగేదే.

ఎవరో విదేశీ ఇంజనీరు విల్లా ఖాళీ చేస్తూ వదిలేసిన సామానుతో పాటు ఆ పెట్టె మా గోదాముకు వచ్చింది. పారేయమన్నారు. పారేసే ముందు మూత తీసి చూడటం స్టోర్ కీపర్ ధర్మం. లోపల పచ్చరంగు వేసిన రేకు బల్ల, రెండు రంగుల ప్లాస్టిక్ మనుషులు. కరెంటు పెడితే రేకు జుమ్మని వణుకుతుంది. ఆ వణుకుకు మనుషులు వేడి పెనం మీద చీమల్లా వాళ్లంతట వాళ్లే నడుస్తారు. ఒకడి చంకలో చిన్న స్పాంజి ముక్క ఇరికిస్తే అదే బంతి. బంతి ఉన్నవాడు అవతలి అంచు చేరితే పాయింటు; మధ్యలో వాణ్ణి ఎదుటి జట్టువాడు తాకితే అక్కడితో ఆ పట్టు అయిపోయినట్టు. మన కబడ్డీయే అనుకోండి, కూత మాత్రం రేకు పెడుతుంది.

అమెరికా సామాను ఇక్కడి కరెంటుకు తట్టుకోదు. కడపాయన పాత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చి తగిలించాకే దానికి ప్రాణం వచ్చింది.

చిక్కంతా ఒక్క ఎత్తుగడ దగ్గర వచ్చింది. దాన్ని ఆప్షన్ అంటారని డ్రైవర్ ఫోన్లో వీడియో చూసి చెప్పాడు. బంతి పట్టుకున్నవాడు పక్కకు పరుగెత్తుతుంటాడు, వెనకే తోటివాడొకడు వస్తుంటాడు. ఎదుటి జట్టువాడు తన మీదికి వస్తే బంతి వెనకవాడికి విసిరేస్తాడు. వెనకవాడి మీదికి పోతే తనే ఉంచుకొని దూసుకుపోతాడు. కళ్లున్న మనిషికి ఇది సులువే. మరి ప్లాస్టిక్ మనిషికి ఎవరు చూసి పెట్టాలి?

బంతి ఉన్న పక్షమే స్విచ్చి ఆపి, చూసి, కావాలంటే బంతి మార్చుకోవచ్చన్నాను. ఆ రూలు ఉన్నన్నాళ్లూ బంతి నా జట్టు దగ్గరే ఉండిపోయేది, నాకు తిరుగులేదు.

"ఇదేం న్యాయం మామా?" అన్నాడు కడపాయన. "నువ్వేమో ఆపి, అద్దాలు తుడుచుకోని, తీరిగ్గా చూసి మారుస్తాండావు. నా మనుషులేమో చెవిటోళ్ల మాదిరి పోతానే ఉండారు."

"ఆట గట్లనే ఉంటది తమ్మీ. దాని పేరే ఆప్షన్."

"ఆప్షనంతా నీకేనా? నాకు యాడుంది?"

ఆ మాటతో నా రూలు కొట్టేయాల్సి వచ్చింది. అందుకని పిడికిలి రూలు పెట్టాం. స్విచ్చి వేయకముందే పిడికిట్లో శనగ గింజ పెట్టుకుంటే బంతి ఉంచుకోవడం, రాజ్మా పెట్టుకుంటే విసరడం. మధ్యలో బల్ల ఆపి పిడికిలి విప్పాలి. డ్రైవర్ మంచం మీంచే నవ్వాడు.

"పహ్లేచ్ సోంచ్ లియే తో ఆప్షన్ కైకా, చాచా? యే తో లాటరీ హై."

నిజమే, ముందే అనుకొని పెట్టుకుంటే అది లాటరీయే. చూడకుండా ఎంచుకుంటే ఆప్షన్ కాదు, చూసి ఎంచుకుంటే ఎదుటివాడికి అన్యాయం. ఈ రెంటి మధ్యా నాకు దారి తెలియలేదు. ఆ ధ్యాసలో ఫోర్‌మన్ గ్లౌజులు అడిగితే హెల్మెట్లు ఇచ్చి పంపాను.

ఇంతలో కడపాయనను నిజ్వా సైట్‌కు మార్చారు. బల్ల తీసుకుపోతానన్నాడు. అక్కడి రూములో తెలిసినవాళ్లు లేరు. బల్ల పెడితే నలుగురు చేరతారు, పలకరించే దిక్కు ఉంటుందని అతని ఆశ. నాకేమో ఇతడూ పోయి, బల్లా పోతే, మిగిలేది గురక పెట్టే డ్రైవర్. గోదాములో దొరికింది నాకు గనుక నాదన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ లేకుంటే అది ఉత్త రేకన్నాడు. చివరికి శుక్రవారం ఆడదామని, గెలిచినవాడికి బల్ల అని ఒప్పుకున్నాం. దాంతో ఆప్షన్‌కు అసలైన న్యాయం కావాల్సి వచ్చింది.

ముగ్గురం కూర్చుని తేల్చిందిది. కాపు కాసే జట్టు తన మనుషుల్లో ఒకడికి ఎర్ర టేపు చుట్టాలి. వాడు బల్ల నడుమ ఉన్న తెల్లగీత దాటగానే డ్రైవర్ స్విచ్చి ఆపేస్తాడు. టేపువాడు బంతివాణ్ణి చూస్తుంటే బంతి వెనకవాడికి పోతుంది. వెనకవాణ్ణి చూస్తుంటే బంతి ఉన్నచోటే ఉంటుంది. మధ్యలో ఎవరూ ఎంచుకోనక్కర్లేదు; ఎవరి తెలివైనా ముందు మనుషుల్ని నిలబెట్టడంలోనే చూపించాలి.

చట్టం రాసింది నేనన్నానా? స్విచ్చి మాట డ్రైవర్‌ది, టేపు మాట కడపాయనది. అట్టముక్క మీద మార్కర్‌తో రాసింది మాత్రం అచ్చంగా నేనే.

రాశాక చూస్తే టేపువాడు తన కాళ్ల కింది ప్లాస్టిక్ పీట మీద వంకరగా అతుక్కుని ఉన్నాడు. కాళ్లు ఒకవైపు, మొహం ఇంకోవైపు. మళ్లీ వాదన. నడిచేది పీట గనుక పీట ముందుభాగమే మొహం అనుకున్నాం.

శుక్రవారం ఇద్దరం సమానంగా వచ్చాం. చివరి పట్టు నాది; అందులో పాయింటు కొడితే నేను, కొట్టకపోతే కడపాయన గెలిచినట్టని ఒప్పుకున్నాం. బంతివాడి ముందు దారంతా ఖాళీ. బంతి వాడి దగ్గరే ఉంటే బల్ల నాది. రేకు జుమ్మంది, టేపువాడు తిరుగుతూ తిరుగుతూ గీత దాటాడు, డ్రైవర్ ఆపాడు. వంగి చూశాను. ఒకసారి ఇటు చూస్తున్నట్టుంది, ఒకసారి అటు. అద్దాలు పెట్టుకొని చూశాను, తీసి చూశాను.

"జల్దీ బోలో చాచా, బిర్యానీ ఠండీ హోరై," అన్నాడు డ్రైవర్, చల్లారిపోతున్న పొట్లం విప్పుతూ.

వాడు ఎటూ చూడటం లేదు. ఇద్దరి నడుమ అడ్డంగా నిలబడ్డాడు. అడ్డంగా చూసేవాడి గురించి మా చట్టంలో ఒక్క ముక్క లేదు. ఆట తేలలేదు. తేలని చోట పెద్దవాడే తగ్గాలి గదా, బల్ల తీసుకుపొమ్మన్నాను. నా చేత్తోనే మోసి నిజ్వా బస్సెక్కించాను.

ఇదంతా రాసి, కడపాయనకు ఫోన్ చేసి చదివి వినిపించాను. అటువైపు రేకు జుమ్ముమంటోంది, ఎవరెవరో ఏవేవో భాషల్లో అరుచుకుంటున్నారు. ఆయన ఓపిగ్గా చివరిదాకా విన్నాడు.

"అంతా బాగుంది గానీ మామా, వాడు అడ్డంగా యాడ చూసినాడు? సక్కగా నీ బంతోణ్ణే చూస్తా ఉండె. బంతి యెనకోడికి పోవల్ల, వాణ్ణి నా మనుషులు అప్పుడే చుట్టుకోనుండారు. తేలకపోయేదేంది, నువ్వు ఓడిపోయినావు."