ఛాతీ మీద బరువు పడొద్దన్నరు

ఆ దినం పాలమూరు తాలీంల కుస్తీ పడుతున్న. గోదాల నేను బోర్ల పడి ఉంటే, మీదెక్కినోని బరువుకు కుడి పక్క కలుక్కుమన్నది. ఊపిరి సగంలనే ఆగింది. నరం పట్టిందనుకున్న. కుస్తీ పట్టెటోనికి గంతకంటే ఏం తోస్తది?

నా తీరే గట్ల. ముందుగాల మీదికి ఎన్నడు పోలే. బోర్ల పడి మన్నుకు అతుక్కుంటుంటి. ఈపు భూమికి తగలకుంటే ఓడినట్టు గాదు గదా. ఎదుటోడు నన్ను తిప్పలేక అలిసిపోయినంక లేస్తుంటి. అందరు నన్ను బండ అని ఎక్కిరిస్తుండ్రి. నాకు గదే గొప్పగ ఉండె.

గా పోటుకు గోదా మన్నుల పసుపు కలిపి పట్టేసిన. తాలీంల కుస్తీ నేర్పే మా ఉస్తాదు మాలీష్ చేయించిండు. రోజూ మళ్ల బోర్ల పడుడే. జరమొచ్చింది, దగ్గొచ్చింది. ఒకనాడు గోదాలనే కండ్లు తిరిగి పడితే మా అమ్మ, ఉస్తాదు బండ్లేసుకొని దవాఖానకు తీస్కపోయిండ్రు.

డాక్టరు సాబ్ ఈపు మీద వేళ్లతోని తట్టి చూసి, ప్లూరసీ అన్నడు. ఊపిరితిత్తి చుట్టు నీళ్లు చేరినయట. లావు సూదితోని తీసిండు. మాలీష్ సంగతి చెప్తే మస్తు తిట్టిండు. తగ్గిందని ఇంటికొస్తే మళ్ల నీళ్లు చేరె, మళ్ల సూది. గప్పుడన్నడు: "బతుకుతవు పహిల్వాన్. గని ఛాతీ మీద బరువు పడొద్దు. కుస్తీ మర్శిపో."

ఎట్ల మర్శిపోతరు? మంచంల ఉన్ననే గని పానమంత గోదా చుట్టే తిరుగుతుండె. నూనె, మజ్జిగ పోసి తవ్విన మన్ను వాసన యాదికొచ్చి ఏడ్సిన. రోజూ అమ్మను తాలీం దిక్కు పంపుతుంటి. కుస్తీ పట్లు ఆమెకేం తెల్వవు. వచ్చి, "ఇయ్యాల మన్ను తడిపిండ్రు బిడ్డా" అని చెప్పేది. గా ఒక్క మాట పట్టుకొని పొద్దంత గడిపేటోన్ని.

బలమొచ్చినంక మళ్ల డాక్టరు సాబ్‌ను బతిమాలిన. కింద పడి బరువు మోయనంటేనే కుస్తీ పట్టుమన్నడు. గా మాట ఉస్తాదుకు చెప్పిన.

"కింద పడనోడు ముందుగాల పట్టాలె బేటా. నీకు గదే రాదు" అన్నడు.

మెల్లగ నేర్పిండు. చెయ్యి కలపంగనే మెడ దొరకబట్టుడు, కాలు గుంజుడు. నాకేమో కాళ్లు కదలకపోయేటివి. భయానికి బోర్ల పడబోతే ఉస్తాదు కట్టెతోని నేల కొట్టి లేపేటోడు. దూకబోయి సానసార్లు ఎల్లెలుకల పడ్డ. బండ అనిపించుకున్నోనికి ఈపంత మన్నాయె. సిగ్గుతోని సచ్చిన.

అయినా కొల్లాపూర్ జాతరల కుస్తీ పట్టిన. చెయ్యి కలిపిన్నో లేదో, నేనే మీదికి పోయిన. దమ్ము అయిపోకముందే ఎదుటోన్ని చిత్తు చేసిన. ఉస్తాదు నన్ను ఎత్తుకోబోయి, నా ఛాతీ యాదికొచ్చి, చెయ్యి మాత్రం పట్టుకున్నడు.

ఇప్పుడు ఒక్క కుస్తీకి మించి దమ్ము నిలవదు. సలిగాలికి పక్క గుంజుతది. గెలుస్తున్న, నిజమే. గని మన్నుకు ముఖం ఆనిచ్చి, ఎదుటోని బరువు మోసుకుంట, మెదలకుండ పడి ఉండాలని ఇప్పటికీ మనసు కొట్టుకుంటది. గది ఇగ నాకు లేదు.

చదివేటోళ్లకు ఒక్కటే చెప్త. పక్కల పోటు, జరం కలిసొస్తే ఓర్సుకుంట పండకుండ్రి. నన్ను మోస్కపోయిండ్రు. మీరు నడిచే కాళ్లున్నప్పుడే దవాఖానకు పోండ్రి.