మామ మీసానికి పట్టిన మోదుగ రంగు

1961లో కాముని పున్నమి వెళ్లిన మూడో రోజు, పొద్దున ఆరూ నలభైకి, మా మామ మీసానికి నూనె రాసుకున్నాడు. అంతా అక్కడే మొదలైంది.

ఆ రోజు అత్తా మామా కరీంనగర్ వెళ్లి జంటగా ఫొటో దిగాలి. అదే మొదటిది. అత్తే పట్టుబట్టి ఒప్పించింది. "నేను ఆయన కన్నా తొమ్మిదేండ్లు చిన్న. ఊర్లె ఎవ్వలు నమ్ముతలేరు. ఫొటోల గది కనవడాలె" అని నాతో అన్నది. ఆమె జుట్టు అప్పటికే నెరిసింది. మామ తలకు ఎప్పుడూ రుమాలు చుట్టి ఉండేది కాబట్టి, ఆయన వయసు తెలిసేది తెల్లటి మీసంలోనే.

ఆ నూనె అత్త చేసిందే. నువ్వుల నూనెలో ఎండిన మోదుగ పూల పొడి వేస్తే కంపు పట్టదనేది. నేను నమ్మక రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూశాను. దసరాకు పోసిన ఉత్త నూనె సంక్రాంతికే వాసన కొట్టింది. పొడి వేసింది హోలీ దాటినా బాగుంది. చూడటానికి లేత పసుపు, అంతే. అయితే మోదుగకు సున్నం తగిలితే కాషాయమవుతుంది. హోలీకి రంగు కాచే ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే. మామకూ తెలుసు.

నేనూ వాళ్ల వెంట వెళ్లాను. బస్సులో మామ ఆకు వక్క వేసుకున్నాడు. ఆకుకు సున్నం రాసిన వేలితోనే, అలవాటు కొద్దీ, కుడి మీసం మెలేశాడు. స్టూడియో అద్దం ముందు నిలబడేసరికి కుడి మీసం కాషాయం, ఎడమది తెలుపు.

"బాపూ, సగం మీసమే హోలీ ఆడిందా?" అన్నాడు ఫొటోగ్రాఫర్.

అత్త నా వైపు తిరిగింది. "పిల్లా, జర చింతపండు దొరుకుతదేమో చూడు. పులుపు తగిలితే దిగుతది."

"చింతపండుకు పోతె బస్సు పోతది" అని మామ డబ్బీ తీసి ఎడమ మీసానికీ సున్నం పూశాడు. రుమాలు కొసతో తుడుచుకున్నాడు. "ఇగ రెండు దిక్కుల ఒక్కతీరే. ఫికరెందుకు?"

"నీతోని దిగుడు కన్నా గోడతోని దిగుడు నయం."

"ఫొటోల రంగులు రావమ్మా, తెలుపు నలుపే" అని ఫొటోగ్రాఫర్ ధైర్యం చెప్పాడు. అత్త కొంగు సర్దుకుని కూర్చున్నది.

ఇంటికొచ్చాక చింతపండు రసంతో కాషాయం పసుపుకు దిగింది. ఎండ తగిలితే ఆ పసుపూ పోయేదే. మామ నీడ పట్టున కూర్చునే మనిషి, ఉగాది దాకా ఉంది.

ఫొటోగ్రాఫర్ మాట నిజమే. ఏది తెలుపవుతుందో, ఏది నలుపవుతుందో మాత్రం ఆయన చెప్పలేదు. ఆ కాలపు ఫిల్ములో కాషాయం నల్లగా పడేదట. వారానికి ఫొటో వచ్చింది. అందులో మామ మీసం కారు నలుపు. నలభై ఏళ్ల మగవాడి పక్కన తెల్లజుట్టు ముసలామె.

పొరుగింటాయన చూసి, "మంచిగున్నది పటేలా. మీ అవ్వతోని ఎప్పుడు దిగినవ్?" అన్నాడు.

మామ మీసం మెలేశాడు. అత్త ఆ ఫొటోను వడ్ల గుమ్మి వెనక్కి తోసింది.

పోయినవి: తెల్ల రుమాలు ఒకటి, మరక పట్టి. సీసాలో మిగిలిన నూనె, అత్త పారబోసింది. అప్పటికీ కంపు కొట్టలేదు. ఫొటో కోసం గోడకు కొట్టిన మేకు. అత్తవి తొమ్మిదేళ్లు.