బండి కింద నుంచి పడ్డ దెబ్బ

ముందే చెప్పేస్తున్నా, నాకు పెంచి చెప్పే జబ్బుంది. దోమ గురించి చెప్పమంటే డేగను దింపుతాను. దయ్యాలను మాత్రం ఏనాడూ నమ్మలేదు. అరగంట నా మాటలు వినే ఓపిక ఏ దయ్యానికీ ఉండదని నా ధీమా. అయినా మొన్నటి వరికోతలప్పుడు బాన్సువాడ దగ్గర నన్నెవరో పట్టపగలు చావగొట్టారు.

పాత స్కూలు వ్యాను కొని ఇల్లులా మార్పించాను. మంచం, గ్యాస్ పొయ్యి, నిజాంసాగర్ అంత నీళ్ల ట్యాంకు. పని చేసింది బాన్సువాడ మెకానిక్ ఖదీర్ భాయ్. బండి అప్పగిస్తూ రెండే జాగ్రత్తలు చెప్పాడు. ఆపినచోటల్లా చక్రాలకు రాళ్లు పెట్టాలి. సిలిండర్ పక్కన బండి అడుగున తాను కోసిన తొర్రను ఎన్నడూ మూయొద్దు.

నా భార్య సరోజ ఆ తొర్రే మూసింది. వర్ని రోడ్డులో కాలువ గట్టు మీద బండి ఆపాం. కోత మిషన్లకు బెదిరిన ఎలుకలు తొర్రలోంచి ఎక్కుతున్నాయి, ఒక్కొక్కటి మేకపిల్లంత. పాత రోకలి చివర కోసి, తొర్రలో పెట్టి, సుత్తితో దిగ్గొట్టింది.

మర్నాడు మధ్యాహ్నం సరోజ వెనక మంచం మీద నిద్రపోతోంది. నాకు జలుబు, ముక్కు పనిచెయ్యట్లేదు. టీ పెడదామని లైటర్ అందుకున్నాను.

కింద నుంచి దెబ్బ. బండి అదిరి గిన్నెలు రాలాయి. రెండో దెబ్బకు కిటికీ అద్దం పగిలింది. మూడో దెబ్బకు రోకలి ముక్క పైకి ఎగిరి నా మణికట్టుకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. లైటర్ ఎటో పోయింది. అరిచేలోపు ఎవరో జుట్టు పట్టి, నా మొహాన్ని తలుపు అంచుకు రెండుసార్లు కొట్టి, గట్టు మీదికి విసిరేశారు. నోటి నిండా రక్తం, అందులో ఒక పన్ను.

సరోజ లోపలే ఉంది. పాక్కుంటూ మెట్టు దాకా వెళ్లాను. ఆమె లేచి కూర్చుని, చాలా మెల్లగా అంది:

“అగ్గి ముట్టియ్యకుండ్రి. బండి నిండ గ్యాసుంది.”

సిలిండర్ కట్టేసి తనే దిగొచ్చింది.

ఫోన్ చేస్తే ఖదీర్ భాయ్ వచ్చాడు. రబ్బరు పైపును ఎలుక కొరికేసింది. ఎలుకలు రాకుండా తొర్ర మూశాం, ఒకటి లోపలే ఉండిపోయింది.

“గ్యాస్ బరువుంటది అన్నా, నేల మీదనే నిలుస్తది. గా తొర్రకెళ్లి దిగిపోవాలె. ఎవలు మూసిండ్రు?” అన్నాడు.

తర్వాత బండి కిందికి వంగి చూశాడు. మనిషి దూరే ఎత్తు లేదు. పొట్టు దుమ్ము పరిచినట్టుంది, దాని మీద ఒక్క గుర్తు లేదు. రోకలి ముక్క అడుగు మాత్రం సమ్మెటతో కొట్టినట్టు చితికిపోయింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలో పెట్టాడు.

ఎలుకలు మేకపిల్లలంత లేవు, ఒప్పుకుంటాను. విరిగిన ఎముక ఫొటో దవాఖాన కవరులో ఉంది, పన్ను అగ్గిపెట్టెలో ఉంది. కొట్టిందెవరో ఇప్పటికీ తెలియదు.

నేను అచ్చంగా కల్పించింది ఒక్కటే. తొర్ర మూసింది సరోజ కాదు, నేను. వద్దన్నడు గదా అని ఆమె రెండుసార్లు చెప్పింది. ఎవలు మూసిండ్రని ఖదీర్ భాయ్ అడిగినప్పుడు నేను ఆమె వైపు చూశాను. ఆమె తన కొంగు చింపి నా చేతికి కట్టు కడుతోంది. తలెత్తకుండా ముడి బిగించింది.