తోస్తేనే కదిలే కారు

మా బాబాయికి ఒకటే జబ్బు. కనిపించిన ప్రతివాళ్ళ చేతా తన పాత కారు తోయిస్తాడు.

ఆ కారు వయసులో బాబాయి కంటే పెద్దది. ఆదివారం పొద్దున్నే దాన్ని తళతళలాడేలా తుడిచి, స్టీరింగ్ ముందు కూర్చుని, తల బయటపెట్టి "ఒక్క చెయ్యి వెయ్యండి బాబూ!" అని కేకేస్తాడు. పాలవాడు తోశాడు. సెలవురోజు కూరలకెళ్తున్న పోస్ట్‌మ్యాన్ తోశాడు. బీమా అమ్మడానికొచ్చినాయన వీధి చివరిదాకా తోసి, అటునుంచి అటే పారిపోయాడు. మా ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు బాబాయి కాఫీ కంటే ముందు కారు చూపించాడు. తోశాక, "నడుం గట్టిదే. పిల్లనివ్వచ్చు" అని తేల్చేశాడు.

ఎదురింట్లో ఉండే రిటైరైన లెక్కల మాస్టారినైతే వదిలేవాడే కాదు. సరిగ్గా ఆయన కిటికీ ముందే కారు ఆపి హారన్ మోగించేవాడు.

"మాస్టారూ! మీరు రాకపోతే ఇది కదలదు!"

"అమ్మెయ్యరాదటయ్యా ఈ ఇనపముక్కని!"

"అమ్మేస్తే మీకు కసరత్తెలా?"

మాస్టారు తిడుతూ తోసేవారు. తోశాక ఆయాసం తీరేదాకా మా వరండాలో కూర్చుని కాఫీ తాగేవారు.

ఒక ఆదివారం పాతకార్ల క్లబ్బు ప్రెసిడెంటు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"క్లబ్బు మూసేద్దామయ్యా. పార్టులు దొరకవు, బాగుచేసేవాళ్ళు లేరు. మా మనవడు నా కారెక్కి, 'ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి తాతా?' అన్నాడు. మన తర్వాత వీటిని చూసేదెవరు?"

"అటు చూడండి" అన్నాడు బాబాయి ధీమాగా. అప్పటికే వీధివాళ్ళంతా చొక్కా చేతులు మడుచుకుని కారు వెనక తయారుగా ఉన్నారు.

బాబాయి మాటల్లో పడ్డాడు కదా అని స్టీరింగ్ ముందు నేను కూర్చున్నాను. ఊరికే తాళం తిప్పాను.

కారు బుర్రుమని స్టార్టయింది!

వెనక వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. బాబాయి నాలిక్కరుచుకున్నాడు.

"ఇది స్టార్టవుతుందా?" అన్నాడు పాలవాడు.

"ఎప్పుడూ అవుతుంది" అంది పిన్ని. "భార్య పోయాక మాస్టారు గుమ్మం దాటడం మానేశారు. కాఫీకి రమ్మంటే రారు. సాయానికి రమ్మంటే కాదనలేరని ఈయన ఎత్తు. ఆయనొక్కరినే పిలిస్తే అనుమానం వస్తుందని ఊరందరి చేతా తోయించారు."

అందరూ మాస్టారి వైపు చూశారు. ఆయన తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నారు.

"నాకెప్పుడో తెలుసమ్మా. తెల్లవారుజామున మీరిద్దరూ మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు ఇది చక్కగా స్టార్టవుతుంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు తోశారు?" అన్నాడు బాబాయి తెల్లబోయి.

"పాపం, నన్ను బయటికి లాగడానికి అంత తంటాలు పడుతున్నావు. కాదంటే చిన్నబుచ్చుకోవూ!"

మాస్టారు ప్రెసిడెంటు వైపు తిరిగారు. "క్లబ్బు మూసేస్తే ఆదివారాలు మేమేం చెయ్యాలి? మమ్మల్నందరినీ చేర్చుకోండి."

"మీకెవరికీ కార్లు లేవు కదండీ?"

"మీకున్నాయిగా!" అని, మాస్టారు నా వైపు చూశారు. "ఇంజను ఆపమ్మాయ్. తోయాలి."